వేసవి పండ్ల గంప

ఈ నెల పాఠమునకు ఆమోసు గ్రంథము 8వ అధ్యాయములో మొదటి ఆరు వచనములు చదువుకొనుడి. చదువుటకు రెండు నిమిషములు కూడ పట్టదు. తరువాత వీలయినచో ఒకనాడు తెల్లవారుజామున మీ ఊరి కూరగాయల బజారునకు పోయి రండి. సంచి లేకుండ పోయినను తప్పు లేదు. ఈ పాఠమునకు ఆ రెండును కావలెను.

మనలో అనేకులకు ఏదో ఒకటి కల్పించవలసిన పని యుండును. ఒకరు ఆదివారపు బడి పిల్లలకు బొమ్మ గీసి చూపవలెను. ఒకరు దిండు గలేబు మీద పువ్వు కుట్టవలెను. ఒకరు యౌవనుల కూటమునకు పాట కట్టవలెను. మరియొకరికి ప్రసంగము సిద్ధపరచుకొను భారము. శనివారము రాత్రి తెల్లకాగితము ముందుపెట్టుకొని కూర్చుండగా మనస్సు ఎండిన చెరువువలె నుండుట నాకు బాగుగా తెలియును. అట్టి సమయమున ఏదో గొప్ప తలంపు పైనుండి దిగివచ్చునని ఎదురుచూతుము. అది రాకపోయినచో పాత పుస్తకములు తిరగవేయుదుము. అయితే ప్రవక్తలకు చూపబడిన వస్తువులను గమనించుడి. యిర్మీయాకు మొదట కనబడినది బాదము చెట్టు చువ్వ. పిమ్మట అంజూరపు పండ్ల గంపలు రెండు. ఆమోసునకు వేసవికాలపు పండ్ల గంప ఒకటి. ఇవి బజారులో ఏ వారమైనను చూడదగిన వస్తువులే.

ఆమోసు పండ్లను ఎరిగిన మనిషి. అతని ఊరు తెకోవ, యెరూషలేమునకు దక్షిణముగా సుమారు 16 కిలోమీటర్ల దూరమున నున్న మెట్టప్రదేశము. 7వ అధ్యాయము 14వ వచనములో తన వృత్తిని తానే చెప్పుకొన్నాడు: పశువులను కాయుట, మేడిపండ్ల పని. మన తెలుగు బైబిలులో పండ్లను ఏరుట అని యున్నది గాని, ఆ హెబ్రీ మాటకు కాయలకు గాటు పెట్టుట అను భావము కూడ చెప్పుదురు. ఐగుప్తులోను పాలస్తీనా పల్లపు భూములలోను పెరుగు ఆ మేడి, మన మేడిచెట్టునకు చుట్టము. కాయ పండుటకు కొన్ని దినముల ముందు చిన్న కత్తితో ఒక్కొక్క కాయకు గాటు పెట్టుదురు. గాటు పడిన కాయలో ఇథిలీను అను వాయువు పుట్టి, మూడు నాలుగు దినములలో కాయ ఉబ్బి, మెత్తబడి, తియ్యనగును. గాటు పడనిది చిన్నదిగా గట్టిగా ఉండిపోవును. వాయువు సంగతి మనుష్యులకు తెలిసినది 20వ శతాబ్దములో. గాటు సంగతి వారికి వేల యేండ్ల క్రిందటనే తెలియును. చెట్టెక్కి, కొమ్మ పట్టుకొని, ప్రతి కాయను చేతితో ముట్టి చూడవలసిన పని అది. అట్టి పని చేసిన కన్నులకు ఈ గంప చూపబడెను.

దేవుడు అతనిని అడిగిన ప్రశ్న ఎంత సామాన్యమైనదో చూడుడి. దీని భావమేమి అని అడుగలేదు. దీనినిబట్టి ఏమి బోధింతువు అనియు అడుగలేదు. కనబడునది ఏమి అని మాత్రమే అడిగెను. ఆమోసు చెప్పిన జవాబు ఇంకను సామాన్యము: వేసవిలో పండిన పండ్లున్న గంప. దానికి ఒక్క అలంకారమైనను తగిలించలేదు. ఆ జవాబు చెప్పిన తరువాతనే భావము వచ్చెను.

ఆ భావము పండ్లలోనుండియే వచ్చినది. హెబ్రీ భాషలో వేసవి పండ్లను 'కయిస్' అందురు. అంతమును 'కేస్' అందురు. రెండును పలుకగా ఒకదాని వెంట ఒకటి గంట మ్రోగినట్లుండును. తెలుగులోనికి ఈ మ్రోత రాలేదు గనుక మనము ఆ వచనమును చప్పగా చదివి దాటిపోవుదుము. 1908లో గెజెరు అను స్థలమున ఒక చిన్న సున్నపురాతి పలక దొరికెను. క్రీస్తునకు పూర్వము 10వ శతాబ్దమునాటిదని పండితుల అంచనా. నేడు ఇస్తాంబులు పురావస్తు ప్రదర్శనశాలలో నున్నది. సేద్యగాని యేడాది పనులు నెలల లెక్కన దానిమీద గీయబడియున్నవి: పంట కూర్చుకొనుట రెండు నెలలు, విత్తుట రెండు నెలలు, కడవరి విత్తుట రెండు నెలలు, పిమ్మట అవిసె కోత, యవల కోత, ఆ తరువాత ద్రాక్షతోటల పని. అన్నిటికిని చివర వేసవి పండ్ల నెల ఒకటి. ఆ నెలకు అక్కడ వ్రాసిన రెండు అక్షరములే అంతము అను మాటకును వ్రాయుదురు. కాబట్టి ఆమోసు మాట వినిన సేద్యగానికి అది కవి చమత్కారముగా తోచి యుండదు. పండ్లు గంపకెక్కినవనగా యేడాది అయిపోయినదని వానికి తెలియును.

బోధించు మనము త్వరపడి భావమునకు దూకుదుము. ద్రాక్షగుత్తి కనబడగానే సంఘము అందుము. ఆవగింజ కనబడగానే విశ్వాసము అందుము. కాయను చూడకమునుపే పాఠము చెప్పివేయుదుము. నేను చాల యేండ్లు ఇదే చేసితిని. దీనిని నాకు మాన్పినది ఒక వంకాయ.

ఒక యేడు కోతకాలపు పండుగ దగ్గరపడగా, గుడి గోడకు అంటించుటకు ఆదివారపు బడి పిల్లలచేత కూరగాయల బొమ్మలు వేయించితిని. వంకాయ వేయుడనగా ఇరువదిమందియు ఒకే వంకాయ వేసిరి. కోడిగుడ్డు ఆకారము, ఊదారంగు, పైన పచ్చని టోపీ. అది వాచకములోని వంకాయ. ఎవరి ఇంటను వండబడని వంకాయ. మరుసటి ఆదివారము తెల్లవారుజామున నేనే రైతుబజారునకు పోయి, నిగనిగలాడు తాజా కాయలు ఏరి, కిలో తెచ్చి బల్లమీద పోసితిని. పది నిమిషములు పెన్సిలు ముట్టకుండ ఊరక చూడుమని చెప్పితిని.

మొదటి రెండు నిమిషములు గోల. తరువాత ఒక్కరొక్కరే నెమ్మదించిరి. నేనును చూచితిని. నల్లగా కనబడు కాయను వెలుగునకు త్రిప్పి ముచ్చిక రేకు ఎత్తి చూడగా, ఎండ తగలని ఆ చోట తెల్లగా నున్నది. ఆ తెలుపు గులాబి వన్నెలోనికి, గులాబి ఊదాలోనికి, ఊదా నలుపులోనికి మారిపోవుచున్నది. ముచ్చిక మీద సన్నని ముళ్ళు. నునుపైన కాయ మీద బడి కిటికీ వంకరగా, ఊచలతో సహా, చిన్నదై మెరయుచున్నది. ఒక పిల్లవాడు ఆ కిటికీని కాయలో వేసెను. అట్టి వంకాయను నేను మునుపెన్నడు చూడలేదు, నలువది యేండ్లుగా తినుచున్నను.

ఒక బాలిక తన కాయ ప్రక్కన చిన్న నల్లని రంధ్రము వేసి, దాని చుట్టు గోధుమవన్నె మచ్చ పెట్టెను. తోటివారు నవ్విరి.

"పుచ్చుకాయ వేసినావేమమ్మా?" అని అడిగితిని.

"బల్ల మీద ఉంది గదండీ మాస్టారూ," అని వ్రేలుపెట్టి చూపించెను.

నిజముగానే ఉన్నది. ఏరి కొన్న నేను చూడలేదు. కాయ తొలుచు పురుగు పోయిన దారి అది. పిల్లలందరు వెళ్ళుచుండగా ఆమె వెనుకబడి మెల్లగా చెప్పినది: "మా అమ్మ పుచ్చినయ్యి ముందే ఏరి పక్కన పెట్టుద్దండి. అయ్యే మేం వండుకుంటామండి."

ఆమె తల్లి ఆ బజారులోనే కూరగాయలు అమ్మును. వారమునకు రెండుసార్లు అక్కడికి పోవు నేను, ఆ గంపల వెనుక మరియొక గంప ఉండునని ఎరుగను.

ఇంటికి వచ్చి యిర్మీయా 24వ అధ్యాయము తీసితిని. రాజైన యెకొన్యాయు, యెరూషలేము పనివారును బబులోనునకు కొనిపోబడిన తరువాత, అనగా క్రీ.పూ. 597 తరువాత, ఆలయము ఎదుట రెండు గంపలు ప్రవక్తకు కనబడెను. ఇక్కడను అదే ప్రశ్న. యిర్మీయాయు అంజూరపు పండ్లే అని చెప్పెను గాని, అమ్మువానివలె నాణ్యమును కూడ చెప్పెను: ఒక గంపలోనివి బహు మంచివి, ఇంకొక గంపలోనివి నోట పెట్టలేనంత చెడ్డవి. ఆలయము ఎదుట నున్నవి గదాయని చెడ్డవాటిని మరుగుపరచలేదు. ఆ పిమ్మట వచ్చిన భావము జనులు అనుకొన్నదానికి తలక్రిందు. చెఱపోయి శపింపబడినవారని తలంచిన వారే మంచి గంప. ఇల్లు వాకిలి నిలుపుకొని యెరూషలేములో మిగిలినవారు చెడ్డ గంప. పుచ్చును పుచ్చని చెప్పలేని నోటికి అట్టి వర్తమానము ఎట్లు అప్పగింపబడును?

చిత్రకారులలో ఈ నిజాయితీ గలవారిని తలంచినప్పుడు ఇటలీ దేశస్థుడైన కరవజ్జో జ్ఞాపకము వచ్చును. మిలాను పట్టణమున అంబ్రోసియానా చిత్రశాలలో, సుమారు 1599లో అతడు వేసిన పండ్ల బుట్ట యున్నది. అందులో మనుష్యులెవరును లేరు, కథయు లేదు. అల్లిన బుట్ట, ద్రాక్షగుత్తులు, అంజూరములు, ఒక ఆపిలు. ఆ ఆపిలునకు ముందువైపుననే పురుగు తొలిచిన రంధ్రము. ఆకులలో కొన్ని చిల్లులు పడినవి. కొన్ని వాడి ముడుచుకొన్నవి. మచ్చలేని ఆపిలు అతనికి బజారులో దొరకదా? దొరకును. దొరికినదానిని దొరికినట్లు వేసెను, ఆ మచ్చ చుట్టునున్న ఎరుపును పసుపును కూడ అంతే ప్రేమతో వేసెను. రెండేండ్ల తరువాత, 1601లో, లూకా 24వ అధ్యాయములోని ఎమ్మాయు భోజనమును చిత్రించినప్పుడు అట్టి బుట్టనే మరల బల్ల అంచున పెట్టెను. ప్రభువు చేయి చాపి ఆశీర్వదించుచున్నాడు, శిష్యులు త్రుళ్ళిపడుచున్నారు, బుట్ట సగము గాలిలో నున్నది. ఆ పటము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. 1672లో బెల్లోరి అను విమర్శకుడు దీనికి తప్పు పట్టెను: పునరుత్థాన దినములు వసంతకాలము గదా, ద్రాక్షయు అంజూరమును దానిమ్మయు అప్పుడెక్కడివి? ఆక్షేపణ న్యాయమే. అయినను ఆ పటము వేసిన వారములలో రోము బజారునకు వచ్చిన పండ్లు అవియేమోనని నా ఊహ. ఊహ మాత్రమే.

అదే చిత్రశాలలో ఆంట్వర్పు చిత్రకారుడు బ్యూకెలార్ 1569లో వేసిన కూరగాయల అంగడి పటము కూడ నున్నది. పటము నిండ క్యాబేజీలు, పండ్లు, దుంపలు రాశులుగా పోసియున్నవి. వెనుక, బొటనవ్రేలంత చిన్నదిగా, యోసేపు మరియలు శిశువుతో ఐగుప్తునకు పారిపోవుచున్నారు. క్యాబేజీల యొద్దనే ఆగిపోయినవారు ఆ కుటుంబమును చూడకయే వెళ్ళిపోవుదురు.

చేతిపనివారికి బైబిలులో ఇంతకంటె స్పష్టమైన మాదిరి బెసలేలు. నిర్గమకాండము 31వ అధ్యాయములో అతడు దేవుని ఆత్మతో నింపబడెనని చెప్పబడినది, చెక్కుటకును లోహములతో పని చేయుటకును. అతని కాలమున ప్రధానయాజకుని నిలువుటంగీ అంచునకు కుట్టిన వస్తువు ఏమి? దానిమ్మపండు. నీలము, ధూమ్రము, ఎరుపు నూలుతో కుట్టిరి. ఎర్రని దానిమ్మను ఎరుగుదుము. నీలి దానిమ్మను ఏ తోటలోనైనను చూచితిరా? ఆకారము చూచి నేర్చుకొన్న తరువాత చేతికి దొరకు స్వేచ్ఛ అది. ఆకారము తెలియకుండ నీలము పూసినచో అది గుండ్రని చుక్కయే గాని దానిమ్మ కాదు. సొలొమోను మందిరపు కంచు స్తంభముల అల్లికల మీద 400 దానిమ్మపండ్లు పోత పోయబడెను. లోపలి దేవదారు పలకల మీద విచ్చిన పువ్వుల సరసన చెక్కిన వాటికి హెబ్రీలో గుమ్మడి జాతి కాయలను తలపించు పేరున్నది. పరిశుద్ధ స్థలమున ఒక పాదు కాయ! దానికి దగ్గర మాటయే 2 రాజులు 4వ అధ్యాయములో ఎలీషా శిష్యుల కూర కుండలో పడిన అడవి కాయలకు వాడబడినది. వాటిని ఏమో ఎరుగకుండ ఒడినిండ కోసి తెచ్చిరి, కుండ విషమయ్యెను. ఒకే జాతి కాయ, చూచి చెక్కినవారి చేతిలో ఒక తీరు, చూడక కోసినవారి చేతిలో మరియొక తీరు.

మన దేశమున ఇందుకు వెదకనక్కరలేదు. చీరల దుకాణములో కూర్చుండి రంగుల పేర్లు వినుడి: వంకాయరంగు, నేరేడురంగు, మిరపపండు ఎరుపు, ఉల్లిపొరరంగు, నిమ్మపండురంగు. సగము కూరగాయల బజారు అక్కడనే యున్నది. అంచునిండ మామిడిపిందెలు. పెడనలో కలంకారీ వేయువారు గుడ్డను కరక్కాయ రసములో నానబెట్టుదురు; దానిమ్మ తొక్కనుండి పసుపువన్నె తీయుదురు. నిర్మలులో పొనికి చెక్కను చెక్కి, రంగు వేసి, పండ్లు కాయలు బొమ్మలుగా చేయుదురు. ఈ పేర్లు పెట్టినవారును, ఈ పిందెను మొదట అంచుమీద దించినవారును ఎవరో గాని, బజారులో బేరమాడి వెంటనే వెనుదిరిగినవారు మాత్రము కారు.

ఇప్పుడు మరల ఆమోసు. మొదటి మూడు వచనములు చదివి పుస్తకము మూసినవారు సగము గంపనే చూచినవారు. నాలుగవ వచనమునుండి బజారు తెరచుకొనును. పండుగ దినము ఎప్పుడు గడచునా, ధాన్యపు అంగడి ఎప్పుడు తెరతుమా అని కాచుకొన్న వర్తకులు, కొలపాత్రను చిన్నది చేసి, తూకపు రాయిని పెద్దది చేసినవారు, త్రాసును వంచినవారు, గోధుమలలో తాలును సహితము ఊడ్చి అమ్మినవారు, చెప్పుల జత వెలకు బీదవానిని కొన్నవారు. పండ్ల నిండుతనమును చూచిన అదే కన్ను ఈ త్రాసును చూచినది. అందము వేరు, అన్యాయము వేరు అని ప్రవక్త రెండు దర్శనములు వ్రాయలేదు.

నేడు మన బజారులలో తూకము కరెంటు కాటా మీద. మోసము లేదని కాదు. అది కొనువారి వైపునుండి కూడ నడచును. కాయ కాయ నొక్కి చూచి, మంచివి ఏరుకొని, చెప్పిన ధరలో అయిదు రూపాయలు తగ్గించి, పైగా కొసరు కరివేపాకు అడిగి తీసికొనువారము మనమే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 150 రూపాయలు దాటినది. సెప్టెంబరులో కర్నూలు ప్రాంతమున రైతుకు పది రూపాయలు కూడ దొరకక, కోతకూలి గిట్టక, రోడ్డు ప్రక్కన పారబోసిరి. అదే కాయ, అదే ఎరుపు. ఆ ఎరుపును బట్టమీద కుట్టబోవు సహోదరి ఈ సంగతి ఎరిగి కుట్టినచో దారము రంగు మారదు గాని, సూది పట్టిన మనస్సు మారునని నాకు తోచును. పాట కట్టువారి విషయమును అంతే. మన కోతకాలపు పాటలలో నిండిన గాదెలే యున్నవి. పారబోసిన బండి ఎక్కడను లేదు.

ఈ నెల ఇంటిపనిగా ఒక్కటి చేయుడి. బజారునుండి ఒకే కాయ తెచ్చుకొనుడి, వంకాయ గాని బెండకాయ గాని సొరపిందె గాని. తెచ్చునప్పుడు అమ్మినవారిని రెండు ప్రశ్నలు అడుగుడి: ఏ ఊరినుండి వచ్చినది, ఎప్పుడు కోసినది. వారు చెప్పుదురు, ఎవరును అడుగరు గనుక సంతోషముగానే చెప్పుదురు. ఇంటికి వచ్చి, కాయను కిటికీ యొద్ద పెట్టి, కనబడునది మాత్రము పది వాక్యములలో వ్రాయుడి. వలె, లాగున, వంటి అను మాటలు పెట్టవద్దు. ఏడవ వాక్యము దగ్గర కష్టమగును. నాకు ఆరవదాని యొద్దనే ఆగిపోయినది. ఆ పది వ్రాసిన తరువాత మీ పని మొదలుపెట్టుడి, కుట్టు గాని పాట గాని ప్రసంగము గాని.

ఆ బొమ్మల సంగతి మిగిలియున్నది. కోతకాలపు పండుగనాడు వాటినన్నిటిని గోడకు అంటించితిమి. ఆరాధన ముగిసి, అర్పణగా వచ్చిన గుమ్మడికాయలు అరటిగెలలు వేలము వేసిన తరువాత, ఆ బాలిక తల్లి కొంగు భుజమున కప్పుకొని వచ్చి, కూతురి బొమ్మ యెదుట చాలసేపు నిలిచెను. ఆ పుచ్చును చూచి నొచ్చుకొనునేమో, ఇంటి సంగతి గోడకెక్కినదని సిగ్గుపడునేమో అని నేను ప్రక్కన నిలిచి భయపడితిని. ఆమె రంధ్రమును చూడనే లేదు. వ్రేలితో ముచ్చికను చూపి, "ఇది నిన్నటి కాయండీ మాస్టారూ. ముచ్చిక వాడింది సూడండి," అనెను.

దగ్గరకు పోయి చూచితిని. పచ్చని రేకు అంచు కొంచెము ముడుచుకొని, వన్నె తగ్గియున్నది. బాలిక దానిని ఉన్నదున్నట్లు వేసినది. తెల్లవారుజామున తాజావని నేను ఏరి తెచ్చిన కాయలలోనిదే అది.